సమాధానం: 1964 జాబితాలో గీసింక్ పేరు ఎందుకు లేదంటే

జూడో విజేతల పట్టిక నింపుతుంటే, 1964 ఒలింపిక్స్‌లో గెలిచాడని చదివిన నెదర్లాండ్స్ జూడో క్రీడాకారుడు ఆంటన్ గీసింక్ పేరు జాబితాలో కనిపించలేదని అడిగారు. మీరు చూస్తున్నది హెవీవెయిట్ (అత్యధిక బరువు విభాగం) పట్టిక. 1964 టోక్యోలో ఆ స్వర్ణం జపాన్‌కు చెందిన ఇసావో ఇనోకుమాదే. ఆంటన్ గీసింక్ గెలిచాడని మీరు చదివిందీ నిజమే.

1. అదే ఒలింపిక్స్‌లో 'ఓపెన్' విభాగం తెరవండి. చాలామంది వదిలేసేది ఇదే. 1984 తర్వాత ఒలింపిక్స్ నుంచి దీన్ని తీసేశారు, అందుకే ఇలాంటిది ఒకటి ఉండేదని ఇప్పుడు తట్టదు. బరువుతో సంబంధం లేకుండా ఎవరైనా ఎవరితోనైనా తలపడొచ్చు. జపాన్ పరువంతా దీని మీదే పెట్టుకుంది. ఫైనల్లో గీసింక్ జపాన్ ఆటగాడు అకియో కమినాగాను కెసా-గటామే అనే జూడో పట్టుతో నేలకు అదిమి గెలిచాడు. సంబరంతో మ్యాట్ మీదికి దూసుకొస్తున్న సొంత అభిమానులను చెయ్యెత్తి ఆపాడు. ఆ క్షణం కోసమైనా ఆ వీడియో చూడండి.

2. గీసింక్ గెలిచిన 1961 పారిస్ ప్రపంచ టైటిల్ దగ్గర బరువు గడి ఖాళీగా వదిలేయండి. అప్పటికి ప్రపంచ పోటీల్లో బరువు విభాగాలే లేవు.

3. అతని 1965 రియో ప్రపంచ టైటిల్‌ను హెవీవెయిట్‌లో రాయండి.

4. నెదర్లాండ్స్‌కే చెందిన మరో జూడో క్రీడాకారుడు విమ్ రుస్కాకు 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు కనిపిస్తే ఒకటి కొట్టేయకండి. ఒకటి హెవీవెయిట్, రెండోది ఓపెన్.