అడ్డదారి బళ్లు తగ్గాలంటే

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్లో ఇరుక్కోవడం ఇష్టంలేక బళ్లన్నీ మీ కాలనీలోంచి దూరిపోతున్నాయని రాశావు. వీధి మొదట్లో మనమే సిమెంటు గట్టు పోసేద్దామన్న మాట మాత్రం వద్దు. చీకట్లో దాని మీద ఎవరైనా పడితే ఆ పాపమూ, కేసూ మీ మెడకే చుట్టుకుంటాయి.

ముందు లెక్క తియ్యండి. మామూలు పనిరోజున ఉదయం 8 నుంచి 9:30 దాకా వీధికి రెండు చివర్లా మనుషుల్ని కూర్చోబెట్టు. బండి నంబరులో చివరి నాలుగంకెలు, టైము చూసుకోవాలి. రాస్తూ ఉంటే సగం బళ్లు తప్పిపోతాయి, ఫోన్లో చదివి రికార్డు చేసుకోండి. 400 మీటర్ల వీధి దాటడానికి 25 కిలోమీటర్ల వేగంలో నిమిషం చాలు. ఈ చివర దూరిన నంబరు మూడు నిమిషాల్లో ఆ చివర తేలిందంటే అది అడ్డదారి బండే. అరసవల్లి రథసప్తమి రద్దీలో తీసిన లెక్క దేనికీ పనికిరాదు.

ఆ లెక్కతో మున్సిపల్ కమిషనరుకీ, ట్రాఫిక్ పోలీసులకీ అర్జీ పెట్టండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేటులో ఇవ్వండి. బళ్లను నియంత్రించే అధికారం మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్లో ఉంది, అది అర్జీలో రాయండి.

స్పీడు బ్రేకరు వేగం తగ్గిస్తుంది గాని, దారి మళ్లించడం దానివల్ల అంతగా కాదు. వేయిస్తే ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) కొలతే అడుగు: దాదాపు మూడున్నర మీటర్ల వెడల్పు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు, కాస్త ముందే హెచ్చరిక బోర్డు. జానెడు వెడల్పున నిటారుగా పోస్తే నడుములు విరుగుతాయి. కాలువ పక్క నీటికి వదిలిన సందులోంచి బైకులు తప్పించుకుంటాయి, దాని మీద ఇనుప జాలీ వేయించు.

నిజంగా పనిచేసేది నాలుగు వీధుల కూడలిలో ఐమూలగా, అంటే ఒక మూల నుంచి ఎదురు మూలకు, స్తంభాలు పాతడం. నేరుగా పోయే దారి మూసుకుపోయి, వచ్చిన బండి పక్కకు తిరగాల్సిందే. మీ ఇళ్లకు మాత్రం ఏదో ఒక వైపునుంచి దారి ఉంటుంది. బైకులు స్తంభాల సందులోంచి దూరతాయి, ఆ మేరకు ఒప్పుకోక తప్పదు. చక్రాల కుర్చీకి దారి మూసెయ్యడం కంటే అదే నయం. మధ్య స్తంభం తాళంతో ఊడేలా ఉండాలి. దాని తాళంచెవి అగ్నిమాపక కేంద్రంలో ఒకటి, కూడలి పక్క ఇంట్లో ఒకటి ఉంచండి.

పాతే ముందు, అనుమతితోనే, రిఫ్లెక్టర్ టేపు చుట్టిన డ్రమ్ముల్లో ఇసుక నింపి రెండు వారాలు చూడండి. అప్పుడు మళ్లీ లెక్క తియ్యండి, పక్క వీధిలో కూడా. మీ బళ్లు వాళ్ల మీదకు మళ్లితే వాళ్లు ఊరుకోరు, ఊరుకోనక్కర్లేదు కూడా. అందుకే మొదటి సమావేశానికే వాళ్లని పిలువు.

మీ మామయ్య