తల తిరగడానికి ఏడాదిగా ఒకటే మాత్రా? ముందు ఆ వణుకు సంగతి చూడండి

ప్రశ్న: మా అమ్మకు 63 ఏళ్లు. మంచంలో కుడివైపు ఒత్తిగిలితే ఇల్లంతా గిర్రున తిరిగినట్టు ఉంటుందట. అర నిమిషంలో తగ్గిపోతుంది. చెవి సమస్య అని ఏడాది కిందట డాక్టరు ప్రోక్లోర్‌పెరజైన్ మాత్రలు రాశారు. అప్పటి నుంచి అవే తెచ్చి రోజుకు రెండు వేస్తున్నాం. పూర్తిగా తగ్గలేదు. బీటాహిస్టిన్ కూడా కలపమంటారా? 16 ఎంజీ వేయాలా, 24 వేయాలా? ఈమధ్య చేతులు కొంచెం వణుకుతున్నాయి, నడక నెమ్మదించింది. వయసు వల్లే అనుకుంటున్నాం. – ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: 16, 24 సంగతి తర్వాత చూద్దాం. మీరు చివర్లో తేలిగ్గా రాసి వదిలేసిన వణుకే నాకు టెన్షన్ పెడుతోంది. ప్రోక్లోర్‌పెరజైన్ మెదడులో కదలికలను నడిపించే డోపమైన్ అనే రసాయనం పనికి అడ్డుపడుతుంది. పెద్దవయసు వాళ్లు నెలల తరబడి వాడితే చేతులు వణకడం, ఒళ్లు బిగుసుకోవడం, అడుగు చిన్నదైపోవడం, అచ్చం పార్కిన్సన్స్‌లాగే కనిపించవచ్చు. తల తిరుగుడుకే వాడే సిన్నరిజిన్ మాత్రతోనూ ఇదే గొడవ. మీ అమ్మగారిది అదేనని చూడకుండా చెప్పలేను. మాత్ర వల్లే అయితే, ఆపాక కొన్ని వారాల నుంచి నెలల్లో చాలామందికి తగ్గుతుంది, కొందరికి మిగిలిపోతుంది. అందుకే ఈ వారంలోనే ఫిజీషియన్‌కో న్యూరాలజిస్టుకో చూపించండి. బీపీ, షుగర్ మాత్రలతో సహా వాడుతున్నవన్నీ కవరులో వేసుకుని వెళ్లండి.

ఆ డాక్టరు ఏడాదికి రాసి ఉంటారని నేననుకోను. లోపలి చెవి నరం వాచి, వాంతులతో లేవలేని స్థితిలో ఉన్నవాళ్లకు ఈ మందు మహా అయితే రెండు మూడు రోజులు ఇస్తాం. ఆ తర్వాత కూడా వేస్తుంటే మెదడు తనంతట తాను సర్దుకునే పని వెనకబడుతుంది. నా ఓపీలో రోజూ చూసేదే: ఖాళీ స్ట్రిప్పు షాపులో చూపిస్తారు, ఇంకో పది తెచ్చుకుంటారు, పాత చీటీ ఏ డబ్బాలో ఉందో ఎవరికీ తెలియదు. పెద్దామెకు మందులు తెచ్చిపెట్టేది మీరే కదమ్మా, చీటీ మీద ఎన్ని రోజులని ఉందో ఒక్కసారైనా చూడొద్దా?

ఇక అసలు జబ్బు. ఒత్తిగిలితే తిరగడం, అర నిమిషంలో ఆగడం – ఇది చాలావరకు బీపీపీవీ (తల కదిపినప్పుడు వచ్చే తిరుగుడు) లక్షణం. లోపలి చెవిలోని సన్నటి కాల్షియం పలుకులు తమ చోటు వదిలి అర్ధచంద్రాకారపు గొట్టాల్లోకి జారతాయి. (కాల్షియం అనగానే ఎముకల మాత్రలు ఆపేయకండి, ఆ మాత్రల వల్ల ఇవి జారవు.) జారిన పలుకును మాత్ర వెనక్కి తేలేదు. ఈఎన్‌టీ డాక్టరు పడుకోబెట్టి, తలను వరుసగా తిప్పి చేసే ఎప్లీ పద్ధతితో పలుకులు తిరిగి చోటుకు చేరతాయి. పది నిమిషాల పని. చాలామందికి ఒకటి రెండు సార్లతోనే సరిపోతుంది. కడప రిమ్స్ ఈఎన్‌టీ ఓపీలోనూ చూపించుకోవచ్చు. మెడనొప్పి ఉంటే ముందే చెప్పండి. వీడియో చూసి మాత్రం ఇంట్లో తిప్పకండి.

బీటాహిస్టిన్ ఎక్కువగా మెనియర్స్ జబ్బుకు రాస్తాం. అందులో తల తిరగడం గంటల కొద్దీ ఉంటుంది, చెవిలో హోరు, వినికిడి తగ్గడం కూడా ఉంటాయి. మీ అమ్మగారికి అవి ఉన్నట్టు మీరు రాయలేదు, కాబట్టి దాన్ని కలపాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు. ఆస్తమా, కడుపులో పుండు ఉన్నవాళ్లకు అది జాగ్రత్తగా ఇవ్వాల్సిన మందు కూడా.

ఎప్పుడైనా తల తిరుగుడుతో పాటు మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం, చెయ్యో కాలో పట్టు తప్పడం, నిలబడలేకపోవడం ఉంటే చెవి జబ్బేలే అని కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. ఉన్నట్టుండి ఒక చెవి వినబడకపోయినా అదే రోజు చూపించాలి.