శాటిలైట్ మ్యాప్‌లో ఎర్రగా ఉంటే యూరియా వేసేయాలా?

ప్రశ్న: వరి నాటి నలభై రోజులైంది, మూడెకరాలు. ఫోన్ యాప్‌లో శాటిలైట్ మ్యాప్ చూస్తే తూర్పు మూల ఎర్రగా, మిగతాదంతా పచ్చగా ఉంది. యూరియా వేసేయమంటారా? – రైతు, పద్మనాభం మండలం, విశాఖపట్నం జిల్లా

జవాబు: ఇప్పుడే వెయ్యకండి, ముందు ఆ మూలకి వెళ్లి మడిలో దిగి చూడండి.

ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎర్ర కాంతిని పీల్చేసుకుని, మన కంటికి కనపడని నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని బాగా వెనక్కి పంపుతుంది, ఆ రెండింటి తేడా లెక్కగట్టి ఎన్‌డీవీఐ అని ఒక నంబర్ తీసి రంగులు వేస్తారు, పైరు పలచబడినా పచ్చదనం తగ్గినా నంబర్ పడిపోయి ఆ చోటు మ్యాప్‌లో ఎర్రగా కనిపిస్తుంది. అది ఎందుకు తగ్గిందన్నది మాత్రం ఆ మ్యాప్ చెప్పలేదండి. నత్రజని లోపమైనా జింకు లోపమైనా దోమపోటైనా (వరి దుబ్బుల్లో రసం పీల్చే పురుగు దెబ్బ) అదే ఎరుపు.

ఇంకోటి, ఇలాంటి యాప్‌లు ఎక్కువగా వాడేది యూరప్ వాళ్ల సెంటినెల్-2 శాటిలైట్ ఫొటోలే, అందులో ఒక్కో గడి 10 మీటర్లు బై 10 మీటర్లు, అంటే సుమారు రెండున్నర సెంట్లు, కాబట్టి గట్టు పక్క గడిలో మట్టి, చెట్టు నీడ, వరి అన్నీ కలిసిపోతాయి. పల్చటి మబ్బు అడ్డొచ్చినా నంబర్ తప్పుగా వస్తుంది, మనవైపు ఈ సీజన్‌లో మబ్బులకి కొదవేముంది! అందుకే ఒక్క ఫొటో నమ్మొద్దు, ఐదేసి రోజులకి కొత్తది వస్తుంది కదా, వెనక తేదీలు కూడా తెరిచి చూడండి. నాటినప్పట్నుంచీ ఆ మూల అలాగే ఉంటే నేల తేడానో, నీరు సరిగ్గా అందకపోవడమో అయ్యుండొచ్చు, మబ్బులేని రెండు ఫొటోల మధ్య ఉన్నట్టుండి ఎర్రబడితే పురుగో తెగులో అని అనుమానించి వెంటనే వెళ్లండి.

వెళ్లాక దుబ్బుల్ని పక్కకి వంచి మొదట్లో, నీటికి కాస్త పైన చూడండి. గోధుమరంగు దోమలు దుబ్బుకి 10-15 ఉంటే మందు కొట్టాల్సిందే, మడిలో నీళ్లు తీసేసి ఆరబెట్టండి, అప్పుడు గానీ యూరియా వేశారంటే దోమ ఇంకా పెరిగిపోతుంది, నాకు భయం అక్కడే. దోమ లేకుండా ఆకుల మీద తుప్పు మచ్చలుండి, వంచితే ఆకు పెళుసుగా విరిగితే జింకు లోపం, లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి ఐదు రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చెయ్యండి, అందులో పురుగుమందు కలపొద్దు.

అడుగు ఆకులు కొసల నుంచి పసుపెక్కుతూ ఉంటేనే నత్రజని తక్కువైనట్టు, అప్పుడు ఆ మూలకే యూరియా వెయ్యండి, పచ్చగా ఉన్నచోట ఎందుకండీ దండగ. తేల్చుకోలేకపోతే ఆ మూల దుబ్బొకటి, పచ్చగా ఉన్నచోట దుబ్బొకటి వేళ్లతో సహా పీకి రైతు సేవా కేంద్రానికి పట్టుకెళ్లండి.