సాయంత్రం కవరు వద్దన్న అబ్బాయికి, ఆగిపోయిన ఇంటి పునాది చూసి ఏడుస్తున్న అమ్మాయికి

ప్రశ్న: అమ్మగారూ వందనాలు. నాకు 29 ఏళ్ళు, ఆంధ్రలో ఒక గవర్నమెంట్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌ని. మా దగ్గర రోజూ సాయంత్రం ఆ రోజు వచ్చిన మామూళ్ళు లెక్కేసి ఎవరి హోదాని బట్టి వాళ్ళకి పంచుతారు. చేరిన మొదటి వారమే నా టేబుల్ సొరుగులో కవరు పెట్టారు, నేను వెనక్కిచ్చేశాను. అప్పట్నించి నన్ను "పాస్టర్ గారూ" అని పిలుస్తూ నవ్వుకుంటారు, ముఖ్యమైన ఫైలు ఒక్కటీ నా దగ్గరకి రానివ్వరు. మా చర్చిలో ఒక పెద్దాయనకి చెప్పుకుంటే తీసుకుని దశమభాగం మందిరానికి ఇచ్చెయ్ బాబూ అన్నారు. మొన్న పెళ్ళిచూపుల్లో అమ్మాయి వాళ్ళ మావయ్య జీతం అడగలేదు, పైన ఎంత వస్తుంది అని అడిగాడు, వాళ్ళూ విశ్వాసులే. ఈ ఉద్యోగం వదిలేసి దేవుని సేవకి వెళ్ళిపోదామనిపిస్తుంది. ఇంకా ఎన్నాళ్ళిలా?

జవాబు: బాబూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, దశమభాగం మాట దగ్గర ఆగిపోయి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ముందు ఆ సంగతి తేల్చేద్దాం. ఆ డబ్బులో దేవుడికి వాటా లేదు. పాస్‌బుక్ కోసం పది రోజులు తిరిగిన ముసలాయన బొడ్లోంచి తీసిన నోటు అది, దాన్ని కానుక పెట్టెలో వేసినంత మాత్రాన శుభ్రం అయిపోదు. ఆ పెద్దాయన మీద కోపం పెట్టుకోకు, కానీ ఆ సలహా మాత్రం తీసుకోకు.

ఇక ఉద్యోగం మానెయ్యడం గురించి. లూకా సువార్త 3వ అధ్యాయం చూడు, బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకి సుంకం వసూలు చేసేవాళ్ళు వచ్చి మేమేం చెయ్యాలి అని అడుగుతారు. అంతకన్నా చెడ్డ పేరున్న ఉద్యోగం ఆ రోజుల్లో ఇంకోటి లేదు, అయినా యోహాను రాజీనామా చేసి నాతో అరణ్యానికి వచ్చెయ్యండి అనలేదు, మీకు నిర్ణయించిన దానికంటే ఒక్క పైసా ఎక్కువ తీసుకోవద్దు అన్నాడు. సైనికులకీ అంతే, ఎవర్నీ బెదిరించి డబ్బు గుంజొద్దు, జీతంతో సరిపెట్టుకోండి. అంటే వాళ్ళు తిరిగి వెళ్ళి కూర్చోవాల్సింది అదే సుంకపు మెట్టు దగ్గర, పక్కనుండేది అదే జనం! సేవకి పిలుపుంటే వెళ్ళు బాబూ నేను కాదనను, కానీ ఆఫీసు భరించలేక వెళ్తే మాత్రం అది పిలుపు కాదు, అలసట.

పేతురు మొదటి పత్రిక ఎవరికి రాశాడో గుర్తుందా, పొంతు, గలతియ, కప్పదొకియ, ఆసియ, బితూనియ అనే అయిదు ప్రాంతాల్లో ఉన్నవాళ్ళకి. వాళ్ళని పరదేశులు, యాత్రికులు అంటాడు. వాళ్ళలో బానిసలున్నారు, క్రీస్తుని నమ్మని భర్తలతో కాపురం చేసే భార్యలున్నారు, వీళ్ళెవరికీ మానేసి వెళ్ళిపోయే వీలే లేదు కదా. పుట్టిన ఊళ్ళోనే, అదే ఇంట్లో, అదే యజమాని కిందే ఉంటూ పరదేశులు. నిన్ను ఆఫీసులో వింతగా చూస్తున్నారంటే నీలో ఏదో లోపం ఉందని కాదు, ఆ పత్రికలో నీ అడ్రసు కూడా రాసి ఉందని.

ఇంకో సంగతి చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టం. తర్వాత కొన్నేళ్ళకి, క్రీ.శ. 112 ప్రాంతంలో, ఆ బితూనియ పొంతులకే ప్లినీ అనే రోమా గవర్నరు వచ్చాడు. ఈ క్రైస్తవుల్ని ఏం చెయ్యమంటారు అని ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు, ఆ ఉత్తరం ఇప్పటికీ ఉంది. పరిచారికలని పిలవబడే ఇద్దరు దాసీల్ని హింసపెట్టి మరీ ఆరా తీశాడు. అతనికి తెలిసిందేంటంటే, వీళ్ళు ఒక నియమించుకున్న రోజున తెల్లవారకముందే కూడుకుని క్రీస్తుకి పాట పాడతారు, దొంగతనం చెయ్యం, వ్యభిచారం చెయ్యం, మాట తప్పం, ఒకరు దాచమని ఇచ్చిన సొమ్ము తిరిగి అడిగితే లేదనం అని ఒట్టు పెట్టుకుంటారు. అంతే! చంపడానికి వెతికినవాడి చేతికి దొరికిన నేరం అది. నీ మీద మీ ఆఫీసువాళ్ళు రిపోర్టు రాస్తే అందులో కూడా సాయంత్రం కవరు తీసుకోడు అన్నదే ఉండాలని నా ప్రార్థన.

ఎన్నాళ్ళు అన్నావు. ఆంధ్రలో రిటైర్మెంట్ 62కి కాబట్టి నీకింకా 33 ఏళ్ళుంది, ఆ 33 ఏళ్ళూ ఇలాగే ఉండొచ్చు. నీకు అబద్ధం చెప్పి ఓదార్చలేను. నేను టీచర్‌గా ఉన్నప్పుడు పదో తరగతి పరీక్షల్లో చీటీలు అందించనివ్వలేదని ఊళ్ళో రెండు నెలలు నాతో ఎవరూ మాట్లాడలేదు, కిరాణా కొట్టులో కూడా అందరికీ ఇచ్చాక చివర్లో నాకు ఇచ్చేవాళ్ళు, ఆ ఏడాది మా స్కూల్ రిజల్టు కూడా పడిపోయింది. నేను అనుకున్న మంచేమీ కళ్ళకి కనపడలేదు. అప్పుడు నాకు అర్థమైన మాట నిరీక్షణ. బయట ఆ మాటకి అర్థం ఎదురుచూడటమే, మన బైబిల్లో ఆశించే దానికి కూడా అదే మాట. ఆశ అన్న మాట మన భాషలో అత్యాశకీ దురాశకీ చుట్టం, ఇంకా కావాలి అంటుంది. నిరీక్షణ అలా కాదు, వచ్చేవాడు వస్తాడని తెలిసిన మనిషి అరుగు మీద దీపం పెట్టుకుని పని చేసుకుంటూ కూర్చోవడం. ఆ వచ్చేవాడు సమాధిలోంచి ఒకసారి లేచాడు కాబట్టే మనం కూర్చోగలుగుతున్నాం.

చెయ్యాల్సినవి కొన్నున్నాయి. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు, నీ దగ్గరకి వచ్చిన ప్రతి అర్జీ తేదీతో సహా రాసిపెట్టుకో, ఎందుకంటే కలవనివాడి మీదకి తప్పు నెట్టడం తేలిక. నీ సీటుకి వచ్చిన చిన్న పనులే ఆ రోజుకారోజు చేసి పంపు. కవరు తీసుకునేవాళ్ళని చిన్నచూపు చూడకు, వాళ్ళ ఇంట్లో జబ్బు చేస్తే హాస్పిటల్‌కి ముందు నువ్వే వెళ్ళు. ఇక ఆ మావయ్య అడిగిన ప్రశ్నకి పైన ఏమీ రాదండీ అని నవ్వుతూ చెప్పి చూడు, ఆ మాట విని కూడా సరేనన్న అమ్మాయి దొరికితే ఆలస్యం చెయ్యకు.

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మా ఆయన తాపీ పని చేస్తారు, మంచి మనిషి, తాగుడు లేదు. రెండేళ్ళ నుంచి ఫోన్‌లో ప్రభువు రాకడ (ఆయన మళ్ళీ రావడం) గుర్తుల వీడియోలు చూసి చూసి ఇప్పుడు పనికి సరిగా పోవట్లేదు. నేను డ్వాక్రాలో లోన్ తీసి మొదలుపెట్టించిన ఇల్లు పునాది వరకు లేచి ఆగిపోయింది, ప్రభువు వచ్చేస్తుంటే ఇల్లెందుకు అంటున్నారు. పాప ఇంటర్ పాసైంది, నర్సింగ్ చదువుతానంటే అదీ ఎందుకంటున్నారు. నేను వాదిస్తే లోక సంబంధివి అంటున్నారు. నిజంగా నేను తప్పా?

జవాబు: తప్పు కాదు తల్లీ. రాకడ నిజం, నేనూ దానికోసం రోజూ ప్రార్థిస్తాను, కాబట్టి మీ ఆయన నమ్మకాన్ని వెక్కిరించకు. కానీ రాకడ పేరు చెప్పి పని మానేసినవాళ్ళు ఆ రోజుల్లో థెస్సలొనీక పట్టణపు సంఘంలోనూ ఉన్నారు, అపొస్తలుడైన పౌలు వాళ్ళకి పని చెయ్యనివాడు భోజనం కూడా చెయ్యకూడదని రాశాడు, డేరాలు కుట్టుకుని బతికిన మనిషి ఆయన.

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో మనం బైబిల్ వచనం రాసున్న వాగ్దానం కార్డులు తీస్తాం కదా, మీకెప్పుడో యిర్మీయా 29:11 వచ్చే ఉంటుంది, మీ విషయంలో నా ఆలోచనలు నాకు తెలుసు, మీకు నిరీక్షణ కలిగిస్తాను అనే మాట. ఆ కార్డు మీద 10వ వచనం ఉండదు. 10లో ఏముందంటే 70 ఏళ్ళ తర్వాత అని! క్రీ.పూ. 597లో యెరూషలేము నుంచి బబులోనుకి చెరపట్టుకుపోయిన జనానికి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం అది. దాని ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త, బబులోనుకి లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద పెట్టుకున్న కాడి తీసి విరగ్గొట్టి రెండేళ్ళలో అన్నీ తిరిగొచ్చేస్తాయి అని జనం ముందు చెప్పాడు, వినడానికి ఎంత బావుంటుందో చూడు. యిర్మీయా మాత్రం ఇళ్ళు కట్టుకుని కాపురముండండి, తోటలు వేసుకోండి, పిల్లలకి పెళ్ళిళ్ళు చెయ్యండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని రాశాడు. అప్పటికి ముప్పై ఏళ్ళున్నవాడు తిరిగి వెళ్ళడం చూసే అవకాశమే లేదు, అయినా కట్టమన్నాడు. రెండేళ్ళు అని లెక్కపెట్టుకున్నవాడు గోడ కట్టడు తల్లీ, 70 అని తెలిసినవాడే కడతాడు.

మన ఒంగోలు సంగతే చూడు. 1876-78 కరువులో అమెరికా నుంచి వచ్చిన మిషనరీ క్లవ్ దొరగారు, సర్వేయర్‌గా చేసిన మనిషి కదా, పరలోకం గురించి చెప్పి ఊరుకోలేదు, బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి పని ఇచ్చాడు. కూడు కోసం క్రైస్తవుల్లో కలుస్తున్నారన్న మాట రాకూడదని కరువు పని జరిగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. అది అయిపోయాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ జనం ముందు పార పట్టుకున్నారు, తర్వాత నీళ్ళలో దిగారు. మీ ఆయన చేతిలో ఉన్న తాపీ కూడా దేవుడిచ్చిందే.

ఆయనతో వచనాలు పెట్టి గొడవ పడకు. యిర్మీయా 28, 29 రెండూ ఒక రాత్రి భోజనాలయ్యాక ఆయన చేతే పైకి చదివించు, నువ్వేమీ మాట్లాడకు. ఆయన మాట వినే పాస్టర్‌గారు ఎవరైనా ఉంటే విడిగా వెళ్ళి సంగతంతా చెప్పు. పాప నర్సింగ్ అప్లికేషన్ మాత్రం ఆయన మనసు మారేదాకా ఆపకు, ఆఖరి తేదీ ఎవరికోసం ఆగదు, తల్లిగా నువ్వు సంతకం పెట్టు. పునాదిలోంచి పైకి ఉన్న పిల్లర్ల ఊచలకి సిమెంటు పాలు పూయించు, వానలకి తుప్పు పడతాయి. గృహప్రవేశం ప్రార్థనకి కబురు పెట్టు, బస్సెక్కి వస్తాను.