సెలవులు ఇంటికి, శనివారాలు కొండకి

ప్రశ్న: అక్కా, మాది హిందూపురం. మారతహళ్ళిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మూడేళ్ళుగా శనివారం తెల్లవారుజామునే స్నేహితులతో రామనగర వెళ్ళి బండలెక్కడం అలవాటు. ఇప్పుడు మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చింది. అక్కడున్న మనవాళ్ళేమో ‘శని, ఆదివారాలు వంటకీ బట్టలకీ సరిపోతాయి, ఉన్న సెలవులు ఇండియా రావడానికే చాలవు’ అంటున్నారు. పరాయి దేశంలో కొండలెక్కొద్దని అమ్మకి ఒకటే టెన్షన్. ఉద్యోగం, ఇల్లు, క్లైంబింగ్, యూరప్ చూడటం ఇవన్నీ కుదురుతాయా?
- పేరు వద్దన్న పాఠకుడు, బెంగళూరు

జవాబు: తమ్ముడూ, కుదురుతాయి. నేను జయనగర్‌కి తిరిగి రాకముందు చాలాకాలం మ్యూనిక్‌లోనే పనిచేశాను, క్లైంబింగ్ నేర్చుకున్నదీ అక్కడే. అందుకే ధైర్యంగా చెప్తున్నాను. కానీ క్లైంబింగ్‌ని సెలవుల లెక్కలో వేయకు. మనవాళ్ళు చెప్పే ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. ఉన్న కాస్త సెలవుల్నీ ఊరికి కొన్ని, కొండలకి కొన్ని, పారిస్‌కి కొన్ని అని పంచుతారు, ఏదీ తృప్తిగా జరగదు.

జర్మనీ చట్టం ప్రకారం వారానికి ఐదు రోజులు పనిచేసేవాళ్ళకి ఏడాదికి కనీసం 20 రోజుల సెలవు ఇవ్వాలి. చాలా కంపెనీలు 28 నుంచి 30 ఇస్తాయి. ఆఫర్ లెటర్‌లో జీతంతో పాటు ఈ అంకె కూడా చూడు. తక్కువుంటే అడుగు, అడిగితే అక్కడెవరూ తప్పుగా అనుకోరు. మొదటి ఆరు నెలల్లో పూర్తి సెలవు చేతికి రాదు, నెలకింత చొప్పున జమవుతుంది. కాబట్టి ఈ సంక్రాంతికి వచ్చేస్తానని ఇంట్లో మాట ఇచ్చే ముందు ఏ నెలలో చేరుతున్నావో చూసుకో. ఒంట్లో బాగాలేక తీసుకునే సెలవు వీటిలోంచి పోదు. సెలవులో ఉండగా జ్వరమొచ్చినా డాక్టర్ సర్టిఫికెట్ ఇస్తే ఆ రోజులు తిరిగి నీకే వస్తాయి.

ఇంటికి ఒకే విడతలో రెండు, మూడు వారాలు రా. ముక్కలుగా వస్తే అమ్మకీ తృప్తి ఉండదు, నీకూ ఉండదు. మిగిలినవి పండగల పక్కన పెట్టుకో. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో మే, జూన్ నెలల్లో సాధారణంగా రెండు గురువారాలు పండగ సెలవులు వస్తాయి. పక్కనున్న శుక్రవారం కలుపుకుంటే నాలుగు రోజులు. ఇటలీలోని డోలమైట్స్ కొండలకో ఫ్రాన్స్‌లోని షమోనీకో వెళ్ళిరావడానికి చాలు. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంటే ఒకే వీసాతో తిరగనిచ్చే మిగతా షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు వేరే వీసా లేకుండా తిరగొచ్చు. ఆ శుక్రవారాలు ఆఫీసులో అందరికీ కావాలి, జనవరిలోనే అడిగి పెట్టుకో.

ఇక క్లైంబింగ్. దాన్ని వారం మధ్యలోకి తెచ్చుకో. బెంగళూరులో అమెరికా కాల్స్ కోసం రాత్రి తొమ్మిదికి కూర్చునే అలవాటు నీకూ ఉండే ఉంటుంది. అక్కడ వేసవిలో సాయంత్రం ఐదయ్యేసరికి ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర, బెంగళూరు టీమ్ ఇళ్ళకి వెళ్ళిపోయి ఉంటుంది. ఒక రోజు పని ముగిశాక మర్నాటి పనికి మధ్య 11 గంటల విరామం ఉండాలని అక్కడి చట్టం. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురుంటుంది. ఆ సాయంత్రాల్ని ఎవరికీ ఇవ్వకు.

మ్యూనిక్‌లోని తాల్‌కిర్ఖెన్‌లో పెద్ద క్లైంబింగ్ హాల్ ఉంది, మెట్రో దిగి నడిచి వెళ్ళిపోవచ్చు. గురువారం సాయంత్రం నేనూ, కేరళ నుంచి వచ్చిన ఒక నర్సూ అక్కడ కలిసేవాళ్ళం. ఆమెకి షిఫ్టులు, నాకు డెడ్‌లైన్లు. అయినా గురువారం మాత్రం వదిలేవాళ్ళం కాదు. కొత్త ఊళ్ళో అన్నిటికన్నా కష్టం బిలే చేసే తోడు దొరకడం. తాడు రెండో కొస పట్టుకునే మనిషి దొరికితే సగం ఊరు నీదైనట్టే. అందుకని జర్మన్ ఆల్పైన్ క్లబ్‌లో చేరి వాళ్ళ కోర్సు ఒకటి చెయ్యి. మూడేళ్ళు రామనగరలో ఎక్కాను, నాకెందుకు అనుకోకు. మనుషులు పరిచయమయ్యేది అక్కడే.

బట్టలు బుధవారం ఉతికేసుకో. ఆదివారం దుకాణాలు మూసేస్తారు కాబట్టి సరుకులు శుక్రవారమే తెచ్చుకో. అప్పుడు శనివారం ఖాళీ. రాత్రే కలిపి పెట్టుకున్న పులిహోర డబ్బాతో పొద్దున్నే రైలెక్కితే దాదాపు గంటన్నరలో ఆల్ప్స్ కొండల దగ్గరి గార్మిష్‌లో దిగుతావు. జర్మనీ అంతటా లోకల్, రీజినల్ రైళ్ళకి చెల్లే నెల టికెట్ ఉంది. 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2026 జనవరి నుంచి 63 అయింది. కారు కొనే పని లేదు.

రామనగర గ్రానైట్ మీద బూటు పట్టుని నమ్మి పాదం పెడతాం. అక్కడ ఆల్ప్స్ అంచున ఎక్కువగా సున్నపురాయి. చాలామంది ఎక్కిన చోట అది నున్నబడి జారుతుంది, ఎవరూ పెద్దగా వెళ్ళని చోట రాళ్ళు ఊడి వస్తాయి. హెల్మెట్ తీయకు. ఎక్కే దారి ఎంత కష్టమో చెప్పే గ్రేడ్లు రోమన్ అంకెల్లో రాస్తారు. ఇక్కడ ఎక్కినదానికి సమానమైనది వెతకకుండా రెండు మెట్లు కిందనుంచి మొదలుపెట్టు. ఇక్కడ ఎండకి బండ కాలుతుందని పొద్దున్నే ఎక్కుతాం. అక్కడ వేసవి మధ్యాహ్నాలు పిడుగులు పడతాయని పొద్దున్నే ఎక్కాలి, మధ్యాహ్నం అయ్యేలోపు పైనుంచి దిగిపోవాలి.

చలికాలం మాత్రం పూర్తిగా వేరే చదువు. మంచు చరియలు విరిగిపడే ప్రమాదాన్ని రోజూ 1 నుంచి 5 వరకు అంకెల్లో ప్రకటిస్తారు. 3 అంటే మధ్యస్థమే కదా అనుకునేవాళ్ళని చూశాను. ప్రాణాలు పోయేవాటిలో చాలా ప్రమాదాలు ఆ 3 ఉన్న రోజుల్లోనే జరుగుతాయి. నీ మొదటి చలికాలం హాల్‌లోనే గడిచిపోనీ. ఈ ఒక్క మాటా తప్పకుండా విను.

క్లబ్‌లో చేరమనడానికి ఇంకో కారణం బీమా. అక్కడి ఆరోగ్య బీమా వైద్యం ఖర్చు చూసుకుంటుంది. దెబ్బ తగలకుండా కొండ మీద ఇరుక్కుపోతే మాత్రం హెలికాప్టర్ బిల్లు నీ మీదే పడొచ్చు. క్లబ్ సభ్యత్వంలో వెతుకులాట, రక్షణ ఖర్చులకి 25,000 యూరోల వరకు బీమా ఉంటుంది. జర్మనీలో అత్యవసర నంబరు 112, ఆస్ట్రియా కొండల్లో 140. ఫోన్ పనిచేయకపోతే నిమిషానికి ఆరుసార్లు ఈల వేయాలి, లేదా టార్చ్ వెలిగించాలి. ఒక నిమిషం ఆగి మళ్ళీ అలాగే.

అమ్మ విషయం చివరికి మిగిల్చాను, అది నీకు అన్నిటికన్నా బరువైనదని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. అబద్ధం చెప్పకు. ‘ఆఫీసువాళ్ళతో పిక్నిక్‌కి వెళ్ళాను’ అని చెప్పి, తర్వాత ఎవరి ఫోటోలోనో తాడుకి వేలాడుతూ కనిపిస్తే ఇక నువ్వేం చెప్పినా ఆవిడ నమ్మదు. వెళ్ళేముందు ఒకసారి రామనగర తీసుకెళ్ళి నడుముకి కట్టుకునే హార్నెస్, ముడి, బిలే అన్నీ చూపించు. కింద కూర్చుని ఒక పూట చూస్తే చాలు, తెలియనిదాని గురించే కదా ఆవిడ భయం. ఏ దారిలో వెళ్తున్నావో, ఎన్నింటికి దిగుతావో, ఎన్ని గంటల దాకా కబురు లేకపోతే 112కి ఫోన్ చేయాలో మ్యూనిక్‌లో ఉన్న స్నేహితుడికి రాసి పెట్టు, అమ్మకి కాదు. సిగ్నల్ లేక మెసేజ్ ఆలస్యమైతే హిందూపురంలో కూర్చుని ఆవిడ ఏం చేయగలదు? దిగాక ఫోన్ చేసి ఆ రోజు ఏం చూశావో తీరిగ్గా చెప్పు.

ప్రశ్న: మేడమ్, నాకు 28 ఏళ్ళు. బీటీఎం లేఅవుట్‌లో ఉంటాను. ఏడాదిపాటు ఆస్ట్రేలియాలో చిన్న ఉద్యోగాలు చేస్తూ సైకిల్ మీద తిరగాలని కోరిక. ఒక ఏజెంటు వర్క్ అండ్ హాలిడే వీసా గ్యారంటీ అంటున్నాడు. నమ్మొచ్చా?
- ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: నమ్మకండి. ఆ వీసా భారతీయులకి 2024 సెప్టెంబరులో మొదలైంది. ఏడాదికి 1,000 మందికే, అదీ లాటరీలో పేరు వస్తేనే దరఖాస్తు పెట్టనిస్తారు. లాటరీలో ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. 25 ఆస్ట్రేలియన్ డాలర్లు కట్టి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీరే నమోదు చేసుకోవచ్చు. వయసు 18 నుంచి 30 మధ్య ఉండాలి, చదువుకీ ఇంగ్లిష్‌కీ షరతులున్నాయి. వీసా వస్తే 12 నెలలు ఉండొచ్చు, ఒకే యజమాని దగ్గర మామూలుగా ఆరు నెలలకి మించి పనిచేయకూడదు. ఊళ్ళు మారుతూ తిరగాలనుకునే మీకు అది ఇబ్బందేమీ కాదు. ఈసారి పేరు రాకపోయినా మళ్ళీ ప్రయత్నించే వయసు ఉంది. వీసా చేతికి వచ్చేదాకా రాజీనామా మాత్రం ఇవ్వకండి.