అమ్మ చీర చుట్టి వీపు కింద పెట్టుకో బుజ్జీ

బుజ్జీ,

నిన్న రాత్రి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నా. గుండెల మీద ఎవరో రుబ్బురోలు పెట్టినట్టుంది పెద్దమ్మా, ఊపిరి సగం దాకా వెళ్ళి ఆగిపోతోంది అన్నావు చూడు, అది నాకు బాగా తెలుసమ్మా, మీ పెదనాన్న పోయాక ఏడాది పాటు నాకూ అంతే. ఇప్పుడు మీ అమ్మ పోయాక మళ్ళీ మొదలైంది. నీకు అమ్మ అయితే నాకు చెల్లెలు, నా చంకనెక్కి పెరిగిన పిల్ల.

ఎవరో యోగా క్లాస్ వాళ్ళు నీ హార్ట్ చక్రా బ్లాక్ అయింది, 21 రోజుల్లో ఓపెన్ చేసేస్తాం అన్నారన్నావు కదా. ఆ ఓపెన్ చేసేస్తాం అనే మాట వింటేనే నాకు భయం వేసింది, ఎందుకంటే నాకది జరిగింది. పెదనాన్న పోయిన రెండో నెలలోనే ఒక క్యాంపుకి వెళ్తే మొదటిరోజే ఉష్ట్రాసనం వేయించారు, మోకాళ్ళ మీద నిలబడి వెనక్కి వంగి మడమలు పట్టుకోవడం, ఛాతీ మొత్తం ఒక్కసారి పైకి లేచి తెరుచుకుంటుంది. నాకు ఏడుపు ఆగలేదు. వాళ్ళేమో బ్లాక్ పగిలింది, మంచిదే అన్నారు. ఇంటికొచ్చి మూడు రోజులు మంచం దిగలేదు, మెడ పట్టేసింది, నిద్ర లేదు. దుఃఖంలో ఉన్న మనిషి తనకి తెలీకుండానే భుజాలు ముందుకి వంచేసి గుండెని దాచుకుంటుంది, చంటిపిల్లని పొదువుకున్నట్టు. ఆ చేతుల్ని బలవంతంగా లాగేస్తే ఏమవుతుంది చెప్పు? తర్వాత కాకినాడలో మా టీచరమ్మ దగ్గర అక్షరాభ్యాసంలాగా మొదట్నుంచి నేర్చుకున్నా, పద్నాలుగేళ్ళయింది, అదే నీకు చెప్తున్నా.

ముందు ఆ చక్రం ఏంటో తెలుసుకో. స్కానింగ్‌లో కనపడేది కాదు, ధ్యానంలో మనసు నిలపడానికి పెద్దవాళ్ళు చెప్పిన చోటు. మీ వాళ్ళు హార్ట్ చక్రా అన్నదాని అసలు పేరు అనాహతం, అంటే కొట్టకుండా మోగేది, తాళమైనా మద్దెలైనా ఒకటి తగిలితేనే కదా చప్పుడు, ఏదీ తగలకుండా లోపల మోగే నాదం ఉండే చోటు ఇది అన్నారు. ఎడమవైపు కాదు, రొమ్ము ఎముకకి సూటిగా వెనకాల, వెన్ను లోపల. 1577లో పూర్ణానందుడు రాసిన షట్చక్ర నిరూపణం అనే సంస్కృత పుస్తకంలో దీనికి పన్నెండు రేకులు, క నుంచి ఠ దాకా పన్నెండక్షరాలు, రంగు మంకెన పువ్వు రంగు. ఇప్పుడు అందరూ ఆకుపచ్చ అంటున్నారు, అది ఈ కాలంలో వచ్చిన ఇంద్రధనుస్సు లెక్క, నీకు ఆకుపచ్చే హాయిగా ఉంటే అదే ఊహించుకో, నాకేం పట్టింపు లేదు. కానీ ఒకటి గుర్తుంచుకో, దీని తత్త్వం వాయువు, బీజం అంటే జపించే అక్షరం యం. అంటే ఇది గాలి ఇల్లు. నీ ఊపిరి ఎక్కడ ఆగిపోతోందో అక్కడే మన పని.

ఇంకోటి. మీ అమ్మ శుక్రవారం శుక్రవారం లలితా సహస్రనామం చదివేది కదా, అందులో అనాహతాబ్జనిలయా అని వస్తుంది, కొంచెం తర్వాత స్నిగ్ధౌదనప్రియా అని ఉంటుంది, అంటే నెయ్యి వేసిన అన్నం అంటే ఆ తల్లికి ఇష్టం అని. నాకు ఆ మాట దగ్గర ఎప్పుడూ కళ్ళు తడుస్తాయి. నువ్వు మధ్యాహ్నం బిస్కెట్లు, రాత్రి కాఫీ అన్నావు. ముందు వేడన్నంలో పప్పు, నెయ్యి వేసుకుని పూటకో నాలుగు ముద్దలు తిను, ఆసనాలు ఆ తర్వాత.

పొద్దున్నే కాఫీకి ముందు ఇరవై నిమిషాలు చాలు. చాప వేసుకుని మోకాళ్ళు, అరచేతులు నేల మీద పెట్టి పిల్లిలాగా ఉండు, ఊపిరి తీస్తూ ఛాతీ ముందుకి, వదులుతూ వీపు పైకి గుండ్రంగా, ఎనిమిదిసార్లు. నీకు వదిలేటప్పుడు హాయిగా ఉంటుంది చూడు, అక్కడ కాసేపు ఉండు, తొందరేం లేదు. తర్వాత బోర్లా పడుకుని భుజంగాసనం, పూర్తిగా లేవొద్దు, బొడ్డు నేలకే ఉండాలి, మోచేతులు వంచి ఛాతీ జానెడు లేపితే చాలు, మూడుసార్లు. భుజాలు చెవుల దగ్గరికి రానీకు.

ఇప్పుడు అసలుది. మీ అమ్మ వెంకటగిరి నేత చీరలు నీ బీరువాలో ఉన్నాయిగా, ఒకటి రెండు తీసి గట్టిగా చుట్టు, నీ చెయ్యంత లావు చాలు. దాన్ని అడ్డంగా పెట్టి భుజం రెక్కల కింది అంచు దానికి ఆనేట్టు వెల్లకిలా పడుకో, తల కింద పల్చటి దిండు పెట్టుకో, గడ్డం నుదురు కంటే పైకి లేవకూడదు, లేకపోతే మెడ నొప్పి. మోకాళ్ళు వంచుకో, చేతులు పక్కకి వదిలెయ్యి. ఛాతీ దానంతటది తెరుచుకుంటుంది, నువ్వేం చెయ్యక్కర్లేదు. మొదటి వారం రెండు నిమిషాలే, తర్వాత ఐదు. ఆ చీరల వాసన తట్టుకోలేనంటే తువ్వాలు చుట్టుకో, ఇంకో నెలకి చీర తియ్యొచ్చు. లేచేటప్పుడు కుడిపక్కకి తిరిగి లే.

అలా పడుకునే నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకో, ఆరో ఎనిమిదో లెక్కపెడుతూ వదులు, లోపల బిగపట్టొద్దు. మణికట్టు మీద నాడి పట్టుకుని చూస్తే తెలుస్తుంది, తీసుకునేటప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలేటప్పుడు నెమ్మదిగా కొట్టుకుంటుంది, అందుకే వదలడం పొడుగ్గా ఉండాలి. ఆఖర్న కూర్చుని భ్రామరి ఏడుసార్లు, అంటే నోరు మూసుకుని ఊపిరి వదులుతూ తుమ్మెదలాగా మ్‌మ్ అనడం, గొంతు బాగా కిందికి దించి, అరచెయ్యి ఛాతీ మీద పెట్టుకుంటే ఎముక అదరడం చేతికి తెలుస్తుంది. కపాలభాతి, భస్త్రిక లాంటి వేగంగా ఊపిరి కొట్టేవి, వెనక్కి విల్లులా వంగే చక్రాసనం ఇప్పుడు ముట్టుకోవద్దు.

ఏడుపొస్తే రానీ. కన్నీళ్ళు చెవుల్లోకి పోతాయి, పోనీ. కానీ వెక్కిళ్ళొచ్చి ఊపిరి అందకపోతే కళ్ళు తెరిచి లేచి కూర్చో, అరచేతులు నేలకి గట్టిగా ఆనించి ఫ్యాన్ వంక, కిటికీ వంక చూడు, ఆ రోజుకి ఆపెయ్.

నీ గుండె మీద ఉన్న రాయి ఏంటో నాకు తెలుసు బుజ్జీ. ఆ రోజు మీటింగ్‌లో ఉండి అమ్మ ఫోన్ ఎత్తలేదని. నువ్వు ఎవరితోనూ అనలేదు, కర్మల రోజున కాల్ లిస్ట్ తీసి చూస్తుంటే నేను చూశా. నేనూ నీకొకటి చెప్పలేదు, ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలీక ఇన్నాళ్ళూ ఆపేశా. నువ్వు ఎత్తకపోతే నాకు చేసింది. పిల్ల పనిలో ఉందిలే అక్కా, రాత్రికి తనే చేస్తుంది అంది, తర్వాత పావుగంట ఆవకాయలో ఇంగువ ఎక్కువైందని చెప్పింది, నవ్వింది కూడా. నీ మీద ఇసుమంత కోపం లేదు. ఊపిరి వదిలేటప్పుడు ఈ మాట గుర్తుచేసుకో, రోజూ.

ఒక్క విషయంలో మాత్రం నా మాట జవదాటొద్దు. ఛాతీ నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా అది చక్రం అనుకుని కూర్చోవద్దు, వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళి ఈసీజీ తీయించుకో. డాక్టర్ ఇచ్చిన నిద్ర మాత్రలు యోగా మొదలుపెట్టానని మానెయ్యొద్దు. బతకాలనిపించని రాత్రి ఏదైనా వస్తే నాకు ఎంత రాత్రయినా చెయ్యి, నేను ఎత్తకపోతే 14416 కి చెయ్యి, టెలీ మానస్ అని గవర్నమెంట్ వాళ్ళది, ఫ్రీ, 24 గంటలూ ఉంటారు, తెలుగులోనే మాట్లాడతారు.

శనివారం రాత్రే చీర తీసి పెట్టుకో. ఆదివారం పొద్దున్న ఆరింటికి వీడియో కాల్ చేస్తా, ఫోన్ నీ తల పక్కన నేల మీద పెట్టు, మొహం చూపించక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు, ఇక్కడ నేనూ చాప మీద పడుకునే ఉంటా.

నీ పెద్దమ్మ