మెసేజ్ ఎవరి చేతిలో ఉందో చూసుకో

అమ్మలూ,

ఆర్డర్ కన్ఫర్మేషన్ మెయిళ్ల పని నీకు అప్పగించారని, జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లో ఏఎంక్యూపీలిబ్ అనే లైబ్రరీ పెట్టుకుని, మెసేజ్‌లను క్యూలో (వరసలో) ఉంచి అందించే సర్వర్ రాబిట్‌ఎంక్యూతో పనిచేయాలని రాత్రి చెప్పావు. ఫోన్‌లో చెబితే సగమే ఎక్కుతుందని రాస్తున్నాను. పక్కన కోడ్ తెరిచి పెట్టుకుని చదువు.

మెసేజ్ పంపడం, అందుకోవడం అరగంటలో వచ్చేస్తాయి. కష్టమంతా ఒక్క ప్రశ్నలో ఉంది: ఈ క్షణాన ఈ మెసేజ్ బాధ్యత నీ ప్రాసెస్‌దా (నడుస్తున్న నీ ప్రోగ్రామ్‌దా), బ్రోకర్‌దా, అంటే రాబిట్‌ఎంక్యూదా? రాసే ప్రతి లైను దగ్గరా ఇదే అడుగు.

క్యూకి పంపే ఫంక్షన్ సెండ్‌టుక్యూ పిలవగానే మెసేజ్ చేరిపోయిందనుకోకు. అది ఫాల్స్ ఇచ్చిందంటే బఫర్ (పంపాల్సినవి ఆగి ఉండే చోటు) నిండిందని, అది ఖాళీ అయిందని చెప్పే డ్రెయిన్ ఈవెంట్ వచ్చేదాకా ఆగమని అర్థం. ట్రూ ఇచ్చినా మెసేజ్ ఇంకా నీ మెమరీలోనే ఉండొచ్చు. చివరి మెసేజ్ పంపగానే ప్రాసెస్.ఎగ్జిట్ కొట్టే స్క్రిప్టులు చాలా చూశాను. మెసేజ్‌లు గల్లంతవుతాయి, ఎర్రర్ మాత్రం ఎక్కడా కనపడదు. పోతే నష్టం అనుకున్నవాటికి క్రియేట్‌కన్ఫర్మ్‌ఛానెల్‌తో, ముట్టినట్టు బ్రోకర్ తిరిగి చెప్పే ఛానెల్ (కనెక్షన్‌లో ఒక దారి) తెరిచి, వెయిట్‌ఫర్‌కన్ఫర్మ్స్‌కి అవెయిట్ పెట్టు. బ్రోకర్ ముట్టిందని చెప్పాకే నీ బాధ్యత తీరుతుంది. అయితే క్యూ పేరులో అక్షరం తప్పితే, ఎక్కడికీ చేరని మెసేజ్‌కి కూడా కన్ఫర్మ్ వచ్చేస్తుంది. అందుకని మ్యాండేటరీ ట్రూ పెట్టి, చేరనిది వెనక్కి వచ్చినప్పుడు లేచే రిటర్న్ ఈవెంట్ విను. ఇంకోటి, ఈ లైబ్రరీలో క్యూ దానంతటదే డ్యూరబుల్‌గా తయారవుతుంది. మెసేజ్ కాదు. దానికి పర్సిస్టెంట్ ట్రూ నువ్వే ఇవ్వాలి, లేకపోతే బ్రోకర్ రీస్టార్ట్ అయితే క్యూ మిగులుతుంది, అందులో సరుకు మిగలదు.

అసలు జాగ్రత్త అందుకునే వైపు కావాలి. నీ కన్స్యూమర్‌లో మూడు పనులు: జేసన్ రూపంలో వచ్చిన మెసేజ్‌ని పార్స్ చేయడం (విడదీసి చదవడం), మెయిల్ పంపడం, యాక్ చేయడం (పని అయిందని బ్రోకర్‌కి చెప్పడం; అప్పుడది మెసేజ్‌ని తీసేస్తుంది). యాక్ ముందు పెట్టావనుకో, మెయిల్ సర్వర్ మొరాయిస్తే ఆ మెసేజ్ ఇక దొరకదు. ఫైనల్లీలో (పని అయినా కాకపోయినా నడిచే భాగంలో) పెడితే ఫెయిలైనవాటికి కూడా యాక్ వెళ్లిపోతుంది. మెయిల్ వెళ్లాకే, అదీ ఒక్కసారే చెయ్. రెండుసార్లు చేస్తే 406 ఎర్రర్ ఇచ్చి బ్రోకర్ ఛానెలే మూసేస్తుంది.

పార్స్ చేసే లైనుని ట్రై బయట వదిలేయకు. ఎవరో చెడిపోయిన జేసన్ పంపారనుకో: అసింక్ ఫంక్షన్‌లో ఎర్రర్ లేస్తుంది, పట్టుకునేవాళ్లు ఉండరు, నోడ్ 15 నుంచి అలాంటప్పుడు ప్రాసెసే ఆగిపోతుంది. యాక్ కాలేదు కాబట్టి మెసేజ్ క్యూలోకి తిరిగి వెళ్తుంది. రెండో ప్రాసెస్ దాన్ని తీసుకుంటుంది, అదీ పడిపోతుంది. ఒక్క పాడు మెసేజ్ వరసపెట్టి అన్నిటినీ పడగొడుతుంది. క్యాచ్‌లో న్యాక్ (పని కాలేదని బ్రోకర్‌కి చెప్పడం) పెట్టినా సరిపోదు. దాని మూడో ఆర్గ్యుమెంట్ ఇవ్వకపోతే రీక్యూ, అంటే తిరిగి క్యూలో పెట్టు, అని అర్థం. అదే మెసేజ్ వెంటనే మళ్లీ వచ్చి, మళ్లీ ఫెయిలై, అలా తిరుగుతూనే ఉంటుంది. ఎన్నిసార్లు చూసినా బాగుపడని మెసేజ్‌కి అక్కడ ఫాల్స్ ఇచ్చి, పాడైనవాటిని పక్కకు మళ్లించే డెడ్ లెటర్ ఎక్స్‌చేంజ్‌కి పంపు, తర్వాత తీరిగ్గా చూడొచ్చు. ఉన్న క్యూకి, క్యూని తయారుచేసే అసర్ట్‌క్యూలో ఆ డెడ్ లెటర్ ఆప్షన్ కొత్తగా చేర్చావంటే మళ్లీ అదే 406 వస్తుంది, ఛానెల్ మూసుకుంటుంది. దాన్ని బ్రోకర్‌లో పాలసీగా (క్యూకి బయటినుంచి పెట్టే సెట్టింగ్‌గా) పెట్టించుకో.

కన్స్యూమ్ పిలిచేముందే ప్రీఫెచ్ (యాక్ కాకుండా ఒకేసారి ఎన్ని నీ దగ్గర ఉండొచ్చో చెప్పే హద్దు) పెట్టు. అది లేకపోతే క్యూలో ఉన్నదంతా బ్రోకర్ నీ మీద కుమ్మరిస్తుంది, నోడ్ అన్నిటినీ ఒకేసారి మొదలుపెడుతుంది. 10తో మొదలుపెట్టి, మెయిల్ సర్వీసు ఎంత తట్టుకుంటుందో చూసుకుంటూ పెంచు.

ఇంత చేసినా, మెయిల్ వెళ్లాక యాక్ వెళ్లేలోపు ప్రాసెస్ పడిపోతే కస్టమర్‌కి రెండో మెయిల్ వెళ్తుంది. క్యూ వైపు నుంచి దీనికి మందు లేదు. ఆర్డర్ నంబర్ మీద డేటాబేస్‌లో యూనిక్ కన్‌స్ట్రెయింట్ (అదే నంబర్ రెండోసారి రానివ్వని నియమం) పెట్టి, మెయిల్ పంపినట్టు అక్కడ రాసుకో. రెండోసారి వచ్చినవాటిలో చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

కనెక్షన్ సంగతి. ప్రాసెస్‌కి ఒక్కటి చాలు, పైన ఛానెళ్లు తెరువు. మెసేజ్‌కో కనెక్షన్ తెరవకు. తెగిపోతే ఏఎంక్యూపీలిబ్ తనంతట తాను మళ్లీ కలవదు. ఎర్రర్, క్లోజ్ ఈవెంట్లు రెండూ విను, లేదా ఏఎంక్యూపీ కనెక్షన్ మేనేజర్ అనే ప్యాకేజీ పెట్టుకో, నాకైతే అదే నయమనిపిస్తుంది. డిప్లాయ్ సమయంలో సిగ్‌టర్మ్ (ఆగిపొమ్మనే సిగ్నల్) రాగానే కన్స్యూమర్‌ని క్యాన్సిల్ చేసి, చేతిలో ఉన్నవి పూర్తి చేసి, అప్పుడు మూసెయ్.

ఇవన్నీ నమ్మకం మీద వదలకు. నీ ల్యాప్‌టాప్‌లో డాకర్‌తో రాబిట్‌ఎంక్యూ మేనేజ్‌మెంట్ ఇమేజ్ నడిపి, 15672 పోర్టులో పేజీ తెరువు. రెడీ (క్యూలో వేచి ఉన్నవి), అన్‌యాక్డ్ (తీసుకున్నా ఇంకా యాక్ కానివి) అని రెండు అంకెలు కనిపిస్తాయి. మెయిల్ పంపేచోట పది సెకన్ల ఆలస్యం పెట్టి, మధ్యలో కిల్ మైనస్ 9 కొట్టి ప్రాసెస్‌ని ఉన్నపళంగా ఆపెయ్. అన్‌యాక్డ్‌లో ఉన్నది రెడీలోకి తిరిగి రావాలి. రాకపోతే యాక్ ముందే వెళ్లిపోతున్నట్టు. ఆ తర్వాత కన్స్యూమర్ ఫైలు నాకు పంపు, ఆదివారం ఇద్దరం కూర్చుని చూద్దాం.

బాబాయి